వెళ్లాలా, ఉండాలా: కోవిడ్ ఏడాదిలో ఒక ఎఫ్-1 విద్యార్థిని కేసు

అమెరికాలోని ఒక యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో పనిచేస్తాను. నా హోదాను డీఎస్‌ఓ (డెజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్) అంటారు. ఎఫ్-1 వీసా మీద చదువుకోవడానికి వచ్చినవాళ్లకు ఐ-20 అనే అర్హత పత్రాలు ఇవ్వడం, సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో వాళ్ల రికార్డు సరిగా ఉండేలా చూడటం, ఏ పని చేస్తే స్టేటస్‌కు, అంటే విద్యార్థిగా దేశంలో చట్టబద్ధంగా ఉండే హక్కుకు, ముప్పు వస్తుందో ముందే హెచ్చరించడం నా రోజువారీ పని. మేం లాయర్లమూ కాదు, సైకాలజిస్టులమూ కాదు. 2020లో మాత్రం ఆ ఇద్దరి దగ్గరికి వెళ్లాల్సిన ప్రశ్నలన్నీ ముందు మా దగ్గరికే వచ్చాయి.

ఇక్కడ రాస్తున్నది ఒక విద్యార్థిని కేసు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, ఏ దేశం నుంచి వచ్చిందో కూడా చెప్పడం లేదు. చెప్పకపోయినా నష్టం లేదు. అవే వారాల్లో వేర్వేరు ఖండాల నుంచి వచ్చిన విద్యార్థులు ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడిగారు.

పైపైన చూస్తే ఇది కేస్ స్టడీ రాయదగ్గ ఫైలే కాదు. ఆమెకు కోవిడ్ సోకలేదు. ఏ సబ్జెక్టూ తప్పలేదు. అనుకున్న సెమిస్టర్‌లోనే డిగ్రీ పూర్తయింది. స్టేటస్ ఒక్క రోజు కూడా పోలేదు. మా లెక్కల్లో ఇలాంటిది "సమస్య లేదు" అనే కాలమ్‌లోకి పోతుంది. దీన్నే ఎంచుకోవడానికి కారణం కూడా అదే. వేరే ప్రమాదాలేవీ కలవని ఫైలులోనే మహమ్మారి విదేశీ విద్యార్థిని ఎక్కడ పట్టుకుంటుందో తేటగా కనిపిస్తుంది. ఒంటరితనం, జబ్బు భయం అందరికీ ఉన్నాయి. వీళ్లకు అదనంగా వచ్చిపడింది మరొకటి: ఒకసారి తీసుకుంటే మార్చుకోలేని నిర్ణయాలను, చేతిలో సమాచారం లేకుండా, గడువులోపు తీసుకోవాల్సి రావడం.

ఫైలులో ఏముంది

ఇంజినీరింగ్‌లో మాస్టర్స్. 2019 జనవరిలో చేరింది, 2020 డిసెంబర్‌లో పూర్తి కావాలి. ట్యూషన్ ఫీజు కొంత ఇంటి నుంచి, కొంత లోన్. అద్దె, తిండి ఖర్చు ఆమె లైబ్రరీలో చేసే పని మీద నడిచేవి. వారానికి 20 గంటలు, సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో అంతకు మించి చేయకూడదు. యూనివర్సిటీ హౌసింగ్‌లోనే ఉండేది. పాస్‌పోర్ట్‌లోని వీసా స్టాంపు గడువు 2020 ఫిబ్రవరిలో అయిపోయింది.

స్టాంపు గడువు తీరడం మామూలు రోజుల్లో పెద్ద విషయం కాదు. స్టాంపు దేశంలోకి అడుగుపెట్టడానికే. లోపల ఉండటానికి కావాల్సింది చెల్లుబాటయ్యే ఐ-20, ఫుల్‌టైమ్ చదువు. బయటికి వెళ్లనంత కాలం పాత స్టాంపుతో ఇబ్బంది లేదు. వెళితే మాత్రం కాన్సులేట్‌లో కొత్త స్టాంపు వేయించుకునే తిరిగి రావాలి. ఫిబ్రవరిలో ఆమె ఈ సంగతి అడిగినప్పుడు వేసవి సెలవుల్లో వెళ్లి వేయించుకోమన్నాం. అప్పట్లో ఎవరైనా అదే చెప్పేవారు.

బయటివాళ్లకు సులభంగా అర్థం కానిది ఒకటుంది. విదేశీ విద్యార్థి జీవితంలో అన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసలు. చదువు ఫుల్‌టైమ్ ఉంటేనే స్టేటస్. స్టేటస్ ఉంటేనే క్యాంపస్ ఉద్యోగం. ఎన్‌రోల్ అయితేనే హౌసింగ్, స్టూడెంట్ ఇన్సూరెన్స్. లైబ్రరీ మూతపడితే స్థానిక విద్యార్థి పక్క వీధిలోని సూపర్‌మార్కెట్లో చేరిపోవచ్చు. ఈమె చేరితే అది అనుమతి లేని ఉద్యోగం, స్టేటస్ పోతుంది. స్థానిక విద్యార్థికి ఒంట్లో బాగాలేకపోతే ఒక కోర్సు వదిలేస్తాడు. ఈమె వదిలేయాలంటే డాక్టర్ లెటర్ తేవాలి, మేం ముందే సెవిస్‌లో అనుమతి నమోదు చేయాలి. ముందు వదిలేసి తర్వాత చెబితే కుదరదు.

మార్చి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని, మార్చి 11న మహమ్మారిని ప్రకటించింది. ఆ రెండో ప్రకటన వచ్చిన వారంలోనే యూనివర్సిటీలు ఒకదాని వెంట ఒకటి ఆన్‌లైన్‌కు మారాయి. తర్వాత హౌసింగ్ వాళ్ల మెయిల్ వచ్చింది: వీలైనవాళ్లంతా ఖాళీ చేయండి, వీలుకానివాళ్లు మినహాయింపుకు దరఖాస్తు పెట్టుకోండి.

ఆ దరఖాస్తులో "మీరు ఇంటికి ఎందుకు వెళ్లలేరు" అని ఒక గడి ఉండేది. 500 అక్షరాలు దాటితే తీసుకోదు. ఆమె తన జవాబు నాకు మెయిల్ చేసి "ఇది ఎక్కడ తగ్గించను?" అని అడిగింది. పేజీన్నర ఉంది. తల్లి ఆరోగ్యం, తండ్రి వ్యాపారం మూతపడటం, లోన్ వాయిదాలు, ప్రాజెక్ట్ గైడ్ ఏమన్నారు, విమానంలో ఇన్ఫెక్షన్ వస్తుందన్న భయం, అన్నీ రాసింది. అవన్నీ నిజాలే. కానీ ఆ ఫారం చదివే మనిషి ముందు వందల ఫారాలుంటాయి. మూడు వాక్యాలే ఉంచమన్నాను. మా దేశానికి విమానాలు ఆగిపోయాయి. నా వీసా స్టాంపు గడువు తీరింది, కాన్సులేట్లు పనిచేయడం లేదు. అమెరికాలో నాకు వేరే అడ్రస్ లేదు. మినహాయింపు దొరికింది. కాకపోతే ఉన్న గది ఖాళీ చేసి, మిగిలినవాళ్లందరినీ కలిపి ఉంచిన వేరే బిల్డింగ్‌కు మారాల్సి వచ్చింది.

ఇమిగ్రేషన్ వైపు నుంచి ఆ నెలలో వచ్చిన వార్త నిజానికి మంచిదే. మామూలుగా ఎఫ్-1 విద్యార్థికి ఫుల్‌టైమ్ లెక్కలో ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే మూడు క్రెడిట్ల వరకే చెల్లుతుంది. విద్యార్థుల వీసా కార్యక్రమం నడిపే ఎస్‌ఈవీపీ మార్చి 9న, మళ్లీ 13న ఆ నిబంధనను సడలించింది. క్లాసులు మొత్తం ఆన్‌లైన్‌లో చదవొచ్చు, అమెరికాలో ఉండి చదివినా సొంత దేశం నుంచి చదివినా రికార్డు యాక్టివ్‌గానే ఉంటుంది. ఐదు నెలలు దాటి దేశం బయట ఉంటే స్టేటస్ పోయే నియమం కూడా చదువు కొనసాగించేవాళ్లకు వర్తించదన్నారు.

చిక్కు అక్కడే వచ్చింది. నియమం ఏదో ఒకటే చేయమని ఉంటే గొడవ ఉండేది కాదు. రెండూ చేయొచ్చన్నారు కాబట్టి తేల్చుకునే బరువు విద్యార్థి నెత్తిన పడింది. ఇంట్లో తల్లి వచ్చేయమంటోంది, తండ్రి అక్కడే ఉండమంటున్నాడు. క్లాస్‌మేట్లు సగం మంది టికెట్లు వెతుకుతున్నారు. ఆమె ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "మీరైతే ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. దాని బదులు ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయమంటాను. తర్వాత మార్చుకోగలిగేవి ఒకవైపు, మార్చుకోలేనివి మరోవైపు. ఆమె కాగితం ఇలా వచ్చింది. ఉండిపోతే అద్దె, ఒంటరితనం, ఇన్ఫెక్షన్ రిస్క్. ఇవి బరువైనవే, కానీ నెల తర్వాత మనసు మార్చుకుని వెళ్లిపోయే దారి ఏదో ఒకటి మిగిలే ఉంటుంది. వెళ్లిపోతే? అమెరికా విదేశాంగ శాఖ మార్చి 20న ప్రపంచవ్యాప్తంగా సాధారణ వీసా సేవలు ఆపేసింది. కొత్త స్టాంపు ఎప్పటికి వస్తుందో చెప్పేవాళ్లు లేరు. చదువయ్యాక ఉద్యోగానుభవం కోసం ఇచ్చే ఓపీటీకి అమెరికాలో ఉండే దరఖాస్తు చేయాలి. డిసెంబర్‌కల్లా తిరిగి రాలేకపోతే డిగ్రీ వస్తుంది, ఓపీటీ రాదు. ఓపీటీ లేకపోతే లోన్ తీర్చే లెక్క మొత్తం తలకిందులవుతుంది.

ఆమె ఉండిపోయింది. నేను ఉండమని చెప్పలేదు, అయితే ఆ కాగితం ఎటు తీసుకెళ్తుందో చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఈ పద్ధతికి ఒక లోటు ఉంది, దాచడం ఎందుకు. చట్టపరంగా మార్చుకోలేనివి దానిలో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, మనుషుల విషయంలో మార్చుకోలేనివి కనపడవు. తల్లి ఆ రోజు ఆస్పత్రిలో ఉండి ఉంటే ఆ గీతకు విలువేముంది?

అదే కోర్సులో మరో విద్యార్థి వచ్చి అదే కాగితం రాసి వెళ్లిపోయాడు. అతని స్టాంపుకు ఇంకా చాలా గడువుంది, ఇంట్లో తల్లిదండ్రులిద్దరే, ఇద్దరికీ ఆరోగ్యం అంతంతమాత్రం. విమానాలు ఆగకముందే బయల్దేరాడు. అతనికి దక్కిన కష్టం వేరు. లైవ్ క్లాసులు అతని గడియారంలో అర్ధరాత్రి దాటాక మొదలయ్యేవి. రికార్డింగ్ పెట్టే ప్రొఫెసర్లు ఉన్నారు, హాజరు పట్టుబట్టే ప్రొఫెసర్లూ ఉన్నారు. పరీక్ష మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలన్నది ఏ సిలబస్‌లోనూ లేదు. నిద్ర పూర్తిగా దెబ్బతిని కౌన్సెలింగ్ అడిగితే క్యాంపస్ కౌన్సెలర్ కుదరదన్నారు. వాళ్ల లైసెన్స్ ఆ రాష్ట్రం వరకే చెల్లుతుంది, వేరే దేశంలో ఉన్న మనిషికి థెరపీ చేయడానికి అనుమతి లేదు. ఫీజు మాత్రం ఏ దేశంలో ఉన్నా ఒకటే.

జ్వరం

ఏప్రిల్‌లో ఆమెకు రెండు రోజులు జ్వరం వచ్చింది. డాక్టర్‌కు ఫోన్ చేయలేదు, నాకు చేసింది. "టెస్ట్ చేయించుకుంటే సెవిస్‌లో పడుతుందా?"

పడదు. సెవిస్‌లో ఆరోగ్య వివరాలు ఉండవు. కానీ ఆమె భయం గాల్లోంచి పుట్టింది కాదు. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్లకు ఇమిగ్రేషన్ విషయంలో ఇబ్బంది తెచ్చే "పబ్లిక్ చార్జ్" కొత్త నిబంధన 2020 ఫిబ్రవరి 24నే అమల్లోకి వచ్చింది. దాని మీద విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో నానా మాటలు తిరిగాయి. ఉచిత టెస్ట్ కూడా ప్రభుత్వ సాయమే, క్యాంపస్ ఫుడ్ ప్యాంట్రీలో సరుకులు తీసుకున్నా లెక్కే అని. కోవిడ్ టెస్ట్, చికిత్స ఆ లెక్కలోకి రావని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ మార్చిలోనే ప్రకటించింది. విరాళాలతో నడిచే ఫుడ్ ప్యాంట్రీకి దానితో సంబంధమే లేదు. ఆ ప్రకటన లింకు ఆమెకు పంపాను. టెస్ట్‌కు వెళ్లింది, నెగెటివ్ వచ్చింది. ఫుడ్ ప్యాంట్రీకి మాత్రం ఆ తర్వాత కూడా చాలా రోజులు వెళ్లలేదని వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో ఒక మార్పు చేశాం. "ఇది చేయకూడదు" అనే మెయిల్స్ పంపడం మాకు అలవాటు. వాటితోపాటు "ఇది చేస్తే మీ స్టేటస్‌కు ఏమీ కాదు" అనే జాబితా కూడా పంపడం మొదలుపెట్టాం. టెస్ట్, చికిత్స, కౌన్సెలింగ్, ఫుడ్ ప్యాంట్రీ, యూనివర్సిటీ ఎమర్జెన్సీ ఫండ్. మేం పంపిన వాటన్నిటిలో విద్యార్థులు ఒకరికొకరు ఎక్కువగా ఫార్వర్డ్ చేసుకున్న మెయిల్ అదే.

డబ్బు

లైబ్రరీ మూతపడినా వసంత సెమిస్టర్ అయ్యేదాకా యూనివర్సిటీ జీతం ఇచ్చింది. మే తర్వాత లేదు. ఇంటి నుంచి వచ్చేది అప్పటికే తగ్గింది.

మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టంలో కాలేజీ విద్యార్థులకు ఎమర్జెన్సీ గ్రాంట్లు ఉన్నాయి. అంతర్జాతీయ విద్యార్థులకూ ఇస్తారని మొదట్లో కొందరు ఆశపడ్డారు. ఏప్రిల్ 21న విద్యాశాఖ ఆ డబ్బు ఫెడరల్ స్టూడెంట్ ఎయిడ్‌కు అర్హత ఉన్నవాళ్లకేనని తేల్చింది. ఎఫ్-1వాళ్లకు ఆ అర్హత ఉండదు. మిగిలింది యూనివర్సిటీ సొంత ఎమర్జెన్సీ ఫండ్. ఒకసారి ఇస్తారు, ఒక నెల అద్దెకు సరిపోతుంది.

అప్పుడే ఆమె రూమ్‌మేట్ ఖాతాలో 1,200 డాలర్లు పడ్డాయి. ప్రభుత్వం ఇచ్చిన స్టిమ్యులస్ పేమెంట్. రూమ్‌మేట్ కూడా ఎఫ్-1 విద్యార్థే, అర్హత లేదు. ఎలా పడిందంటే, ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు మామూలు సాఫ్ట్‌వేర్ వాడింది, అది 1040 ఫారం నింపింది. అమెరికాకు వచ్చిన మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు విద్యార్థులు సాధారణంగా నాన్ రెసిడెంట్లు, వేయాల్సింది 1040-ఎన్‌ఆర్. "నేనూ అలాగే వేస్తే నాకూ వస్తుందా?" అని ఆమె అడిగింది. డబ్బుకు అంత ఇరుకులో ఉన్న మనిషి అడగకుండా ఎలా ఉంటుంది? తప్పు ఫారం వేయడం రేపు గ్రీన్‌కార్డ్ దాకా వెంటాడే విషయమని చెప్పాను. రూమ్‌మేట్‌తో రిటర్న్ సవరింపజేసి, డబ్బు వెనక్కి పంపించే పని కూడా మా మీదే పడింది. ఆ వేసవిలో ఇలాంటివి చాలా వచ్చాయి.

ఆర్థిక ఇబ్బంది వస్తే క్యాంపస్ బయట పని చేసుకునేందుకు ఎఫ్-1లో ఒక అనుమతి ఉంది. ఒక అకడమిక్ ఇయర్ పూర్తయి ఉండాలి, ఊహించని ఇబ్బంది అని రుజువులు చూపాలి. కాగితం మీద ఆమెకు సరిగ్గా సరిపోయింది. కానీ పని అనుమతి కోసం వేసే ఐ-765 ఫారంతో అప్పట్లో 410 డాలర్ల ఫీజు కట్టాలి, తర్వాత నెలల తరబడి ఎదురుచూడాలి. చేతిలో డబ్బు లేదని నిరూపించుకోవడానికి ముందు 410 డాలర్లు తేవాలన్నమాట. ఓపీటీకి మళ్లీ ఇంకో 410. లెక్క వేసి వద్దనుకున్నాం. డిపార్ట్‌మెంట్‌లో వేసవి కోర్సుకు గ్రేడర్ పని ఒకటి ఖాళీగా ఉంటే అందులో పెట్టించాం. క్యాంపస్ ఉద్యోగాన్ని ఇంటి నుంచి చేసినా చెల్లుతుందని ఎస్‌ఈవీపీ అప్పటికే స్పష్టం చేసింది.

ఎనిమిది రోజులు

2020 జులై 6, సోమవారం. ఎస్‌ఈవీపీ కొత్త ప్రకటన: శరదృతువు సెమిస్టర్ పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిపే యూనివర్సిటీల ఎఫ్-1 విద్యార్థులు అమెరికాలో ఉండటానికి వీల్లేదు. దేశం వదలాలి, లేదా తరగతి గదిలో చదువు చెప్పే చోటికి ట్రాన్స్‌ఫర్ కావాలి. కొంత ఆన్‌లైన్, కొంత క్లాస్‌రూమ్‌గా నడిపే చోట్లయితే ఉండొచ్చు, కానీ ఆ సంగతి ధ్రువీకరిస్తూ ఒక్కొక్కరికీ కొత్త ఐ-20 ఇవ్వాలి. అందుకు గడువు ఆగస్టు 4.

మా యూనివర్సిటీ హైబ్రిడ్ అని చెప్పింది కాబట్టి అందరూ వెళ్లిపోవాల్సిన పరిస్థితి లేదు. ఆమె పరిస్థితి వేరు. చివరి సెమిస్టర్‌కు ఆమె ఎంచుకున్న రెండు కోర్సులు, ప్రాజెక్ట్, మూడూ షెడ్యూల్‌లో ఆన్‌లైన్ అనే ఉన్నాయి. ఆ సాయంత్రానికే టేబుల్, కుర్చీ అమ్మకానికి పెట్టింది. బుధవారం ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. చార్టర్ విమానాల రేట్లు, క్వారంటైన్ నియమాలు, ట్రాన్స్‌ఫర్ తీసుకునే కాలేజీల పేర్లు గడగడా అప్పజెప్పింది. రాత్రంతా కూర్చుని సేకరించిందట.

అప్పుడు చెప్పింది ఒక్కటే. మీకు కొత్త ఐ-20 ఇచ్చేది మేం, మేం కుదరదని చెప్పేదాకా టికెట్ కొనొద్దు, ఏదీ అమ్మొద్దు. ఈలోపు మా పని మేం చేశాం. ఆమె ప్రాజెక్ట్ గైడ్‌ను అడిగితే వారానికి ఒకసారి ల్యాబ్‌లో మాస్కులతో, దూరదూరంగా కూర్చుని నేరుగా కలిసే ఒక క్రెడిట్ స్వతంత్ర అధ్యయనం పెట్టడానికి ఒప్పుకున్నారు. ఆ వారం దేశంలో చాలా చోట్ల ప్రొఫెసర్లు ఇలాగే ముందుకొచ్చారు. వాళ్లలో అరవై దాటినవాళ్లూ ఉన్నారు. ఒక విద్యార్థి వీసా నిలబడటానికి వాళ్లు తమ ఆరోగ్యాన్ని పణంగా పెట్టాల్సి రావడం ఆ నిబంధన ఎంత వంకరగా ఉందో చెబుతుంది.

జులై 8న హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి. 13న 17 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ కలిసి మరో దావా వేశాయి. 14న బోస్టన్‌లో విచారణ మొదలైన కాసేపటికే, ప్రభుత్వం ఆ ఆదేశాన్ని వెనక్కి తీసుకోవడానికి ఒప్పుకుందని జడ్జి అలిసన్ బరోస్ ప్రకటించారు. మళ్లీ మార్చి నాటి సడలింపులే.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటే పొరపాటు. ఆమె పరిస్థితి బాగా దిగజారింది ఆ తర్వాతే. మిగతా విద్యార్థుల్లోనూ చాలామందిలో ఇదే గమనించాను. గండం నడుస్తున్నంతసేపు పరుగులు పెట్టారు, అది తప్పిపోయాక కుప్పకూలారు. ఒక సోమవారం మధ్యాహ్నం వచ్చే ప్రకటనతో తమ ఏర్పాట్లన్నీ ఊడిపోవచ్చని ఒకసారి చూశాక, దాన్ని రద్దు చేసినంత మాత్రాన చూడనట్టు ఉండలేరు కదా. ఆగస్టులో ఆమె ప్రభుత్వ వెబ్‌సైట్ పేజీలను రోజూ తెరిచి, కింద ఉండే "చివరిసారి మార్చిన తేదీ" చూసి మూసేసేది. లోపల రాసింది చదివేది కూడా కాదు.

పాత విద్యార్థులకు ఊరట దొరికింది కానీ, కొత్తగా అడ్మిషన్ వచ్చినవాళ్లకు దొరకలేదు. మార్చి 9 తర్వాత కొత్తగా చేరేవాళ్లు పూర్తిగా ఆన్‌లైన్ కోర్సు కోసం అమెరికాకు రాకూడదని జులై 24న తేల్చారు. అంతర్జాతీయ విద్యార్థుల మీద ఏటా వచ్చే ఓపెన్ డోర్స్ నివేదిక లెక్కల ప్రకారం 2020-21లో అమెరికాలో కొత్తగా చేరిన అంతర్జాతీయ విద్యార్థులు 46 శాతం తగ్గారు. మొత్తం సంఖ్య 15 శాతం తగ్గి 9 లక్షల 14 వేలకు దిగింది. రాలేకపోయినవాళ్ల కష్టం ఏమిటో మా ఫైళ్లలో దొరకదు. వాళ్లకు ఫైలే తెరుచుకోలేదు.

శుక్రవారం ఫోన్

క్యాంపస్ కౌన్సెలర్ దగ్గరికి ఆమెను పంపాను. రాష్ట్రంలోనే ఉంది కాబట్టి వీడియోలో చూడగలిగారు. నిద్రలేమికి, టెన్షన్‌కు అక్కడ సాయం దొరికింది, దాన్ని తక్కువ చేయను. కానీ నేను గమనించింది ఏమిటంటే, ఆమె ఆందోళనలో పెద్ద భాగం ఏ ప్రశ్నకు జవాబు ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం వల్ల పుట్టినదే. అది జబ్బు లక్షణం కాదు, ఉన్న పరిస్థితికి సబబైన స్పందన. దానికి థెరపీ కన్నా ముందు ఒక తేదీ కావాలి.

అందుకని ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పది నిమిషాలు మాట్లాడదామని పెట్టుకున్నాం. చెప్పడానికి ఏమీ లేకపోయినా సరే. చాలా వారాలు నేను చెప్పింది "ఈ వారం కొత్తగా ఏమీ రాలేదు, మీ రికార్డు యాక్టివ్‌గా ఉంది" అని అంతే. మొదట్లో రోజుకు మూడు నాలుగు మెయిల్స్ పెట్టేది. సెప్టెంబర్ వచ్చేసరికి ప్రశ్నలు రాసిపెట్టుకుని శుక్రవారం అడిగేది. నా సహోద్యోగుల్లో కొందరికి ఇది నచ్చలేదు, వందల మందికి ఇలా చేయగలమా అన్నారు. అందరికీ చేయలేం. అందుకే తర్వాత దాన్ని వారానికోసారి అందరికీ తెరిచిన జూమ్ గంటగా మార్చాం. కొత్త వార్త లేని వారాల్లోనూ నడిపాం, జనం వచ్చారు.

ఇంకొకటి. ఆమె ఇంట్లోవాళ్లకు అంతా బాగుందని చెప్పేది. ఇంట్లోవాళ్లు ఆమెకు అదే చెప్పేవారు. జులై ప్రకటన గురించి ఆమె చెప్పకుండానే వాళ్లు టీవీలో చూశారు, చూసినట్టు ఆమెకు చెప్పలేదు. శీతాకాలంలో తండ్రికి కోవిడ్ సోకి ఆస్పత్రిలో చేరితే, వారం దాటాక ఒక బంధువు నోరు జారితే తెలిసింది.

ఓపీటీ

ఆ వార్త తెలిసే సమయానికి ఆమె ఓపీటీ దరఖాస్తు దారిలో ఉంది. నవంబర్ నెలాఖరులో పోస్టులో పంపింది. ఓపీటీకి ఆన్‌లైన్ దరఖాస్తు 2021 ఏప్రిల్ 12 దాకా లేదు. యూఎస్‌సీఐఎస్ దరఖాస్తులు తీసుకునే లాక్‌బాక్స్ కేంద్రాల్లో ఆ శీతాకాలం విపరీతమైన ఆలస్యం. మామూలుగా రెండు మూడు వారాల్లో రావాల్సిన రసీదు జనవరి సగం దాటినా రాలేదు. కవరు చేరినట్టు ట్రాకింగ్ చూపిస్తోంది, లోపల ఎవరైనా తెరిచారో లేదో తెలియదు. తెలుసుకునే గుర్తు ఒకటే, ఫీజు కోసం పెట్టిన చెక్కు. ఆమె రోజూ పొద్దున బ్యాంక్ యాప్ తెరిచి 410 డాలర్లు తగ్గాయా అని చూసుకునేది. ఖాతాలో డబ్బు తగ్గాలని కోరుకునే మనుషులను నేను ఆ నెలల్లోనే చూశాను.

మరోవైపు గడువు తరుముతోంది. కోర్సు ముగిసిన 60 రోజుల్లోపు దరఖాస్తు వాళ్ల చేతికి అందాలి, ఐ-20 మీద మా సిఫారసు తేదీ నుంచి 30 రోజుల్లోపు కూడా. ఒకవేళ సంతకం లేదనో, ఇంకేదో లోపమనో ఫిబ్రవరిలో తిప్పి పంపితే మళ్లీ వేసుకునే వ్యవధి ఉండదు. సరిగ్గా అప్పుడే తండ్రి ఆస్పత్రిలో. వెళితే? స్టాంపు లేదు, ఓపీటీ పెండింగ్‌లో ఉంది, కాన్సులేట్ అపాయింట్‌మెంట్లు అంతంతమాత్రం. మళ్లీ అదే కాగితం, మధ్యలో అదే గీత. ఈసారి రెండో కాలమ్‌లో తండ్రి కూడా ఉన్నాడు. నేను చట్టం ఏం చెబుతుందో మాత్రమే చెప్పాను. రెండు రోజుల తర్వాత వెళ్లడం లేదని మెయిల్ పెట్టింది, కారణం రాయలేదు, నేను అడగలేదు. తండ్రి కోలుకున్నాడు. కోలుకోకపోతే ఈ కేసును నేను ఈ పద్ధతిలో రాయగలిగేవాణ్ని కాదు.

చెక్కు జనవరి చివరి వారంలో డ్రా అయింది. పని చేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు ఏప్రిల్‌లో చేతికి వచ్చింది. మామూలు నియమం ప్రకారం కోర్సు ముగిసిన 14 నెలల్లోపు ఓపీటీ మొత్తం వాడుకోవాలి కాబట్టి, ఆలస్యమైన నెలలు ఆమె ఖాతాలోంచే పోవాలి. 2020 అక్టోబర్ 1 నుంచి 2021 మే 1 మధ్య అందిన దరఖాస్తులకు ఆ 14 నెలలను ఆమోదించిన తేదీ నుంచి లెక్కిస్తామని యూఎస్‌సీఐఎస్ ఫిబ్రవరి 26న ప్రకటించడంతో పూర్తి ఏడాది దక్కింది. ఉద్యోగం లేకుండా ఉండగలిగే 90 రోజులు అయిపోకముందే ఒక చిన్న సంస్థలో చేరింది. అంతకుముందు ఆమెకు ఆఫర్ ఇస్తామన్న సంస్థ జనవరిలో చేరేవాళ్లు కావాలని వేరేవాళ్లను తీసుకుంది.

ఇదే కేసు వేరే దేశంలో

అమెరికాలో కథ ఎక్కువగా లోపల ఉన్నవాళ్ల చుట్టూ తిరిగింది. ఆస్ట్రేలియాలో బయట చిక్కుకున్నవాళ్ల సంఖ్య పెద్దది. ఆ దేశం 2020 మార్చి 20న సరిహద్దులు మూసి, టీకాలు పూర్తయిన విద్యార్థులకు మళ్లీ తలుపులు తెరిచింది 2021 డిసెంబర్ 15న. లోపల ఉన్నవాళ్లకు జాబ్‌కీపర్ జీతసాయం అందలేదు. పోషించుకోలేని విద్యార్థులు, సందర్శకులు సొంత దేశాలకు వెళ్లే సమయం వచ్చిందని ఏప్రిల్ 3న ప్రధాని స్కాట్ మోరిసన్ బహిరంగంగానే అన్నారు. చైనా 2020 మార్చి 28 నుంచి విదేశీయులను ఆపేసింది. అక్కడ మెడిసిన్ చదువుతున్నవాళ్లు రెండేళ్లకు పైగా ఆన్‌లైన్‌లోనే గడిపారు, రోగిని ముట్టుకోకుండా. కెనడా మాత్రం సొంత దేశం నుంచి ఆన్‌లైన్‌లో చదివిన కాలాన్ని కూడా చదువు తర్వాతి వర్క్ పర్మిట్‌కు లెక్కించడానికి ఒప్పుకుంది. ఆ ఒక్క సడలింపు అమెరికాలో ఓపీటీకి ఉండి ఉంటే నా దగ్గరి కాగితాల్లో సగం కాగితాలు అవసరమే అయ్యేవి కావు. ఆమె మార్చిలోనే ఇంటికి వెళ్లేదేమో.

మా ఆఫీసులో ఇప్పుడు

కొత్త విద్యార్థి చేరినప్పుడే కొన్ని వివరాలు తీసుకుంటున్నాం: వీసా స్టాంపు ఎప్పటిదాకా, ఆదాయం ఆగితే చేతిలో డబ్బు ఎన్నాళ్లు వస్తుంది, అమెరికాలో ఇంకో అడ్రస్ ఉందా. స్టాంపు గడువు ఏడాదిలోపు తీరేవాళ్లను విడిగా గుర్తుపెట్టుకుని, వీలు దొరికిన మొదటి సెలవుల్లోనే వేయించుకోమంటున్నాం. ఆఖరి సెమిస్టర్ దాకా ఆగొద్దంటున్నాం.

ఎమర్జెన్సీ గ్రాంట్ల విషయంలో విద్యాశాఖ 2021 మేలో నిబంధన మార్చి అంతర్జాతీయ విద్యార్థులకూ ఇవ్వొచ్చంది. అప్పటికి ఆమె డిగ్రీ అయిపోయింది. ఆమె తర్వాతి బ్యాచ్‌వాళ్లు కొందరు తీసుకున్నారు, తీసుకుంటే వీసాకు ఏమైనా అవుతుందా అని ముందు మమ్మల్ని అడిగాకే.

తేలనిది కౌన్సెలింగ్ సంగతి. వేరే రాష్ట్రంలో ఉన్నవాళ్లను చూడటానికి సైకాలజిస్టులకు సైప్యాక్ట్ అనే ఒప్పందం ఉంది, ఇద్దరూ దానిలో చేరిన రాష్ట్రాల్లో ఉంటే. దేశం బయట ఉన్న విద్యార్థికి అది పనికిరాదు. ఇప్పటికి చేస్తున్నది, బయట ఉండి చదివేవాళ్ల జాబితా సెమిస్టర్ మొదట్లోనే తీసి, వాళ్ల దేశంలో లైసెన్స్ ఉన్నవాళ్లతో మాట్లాడించే ఒక టెలీహెల్త్ సర్వీసుకు యూనివర్సిటీ డబ్బు కట్టడం. ఆ కాంట్రాక్టు ఏటా బడ్జెట్ చర్చలో కోతకు వస్తోంది, ఏటా వెళ్లి వాదిస్తున్నాం.